నాలుగు బిందెల లెక్క

మండలాఫీసుల సారు బోర్డు మీద రాసిండు:
మనిషికి, దినానికి, నాలుగు లీటర్లు.
మూడు దినాలకు సరిపోను పెట్టుకోవాలె,
తిండి గూడ అట్లనే.
తలా ఒక కాగితం ఇచ్చిండు.
కింద ఒక ఖాళీ:
ఇంట్ల ఉండేటోళ్ళు ఎంతమంది?

నేను, ఉరుకుందు, అత్త ఈరమ్మ, బిడ్డ జములమ్మ.
నా బిందె పన్నెండు లీటర్లు పడ్తది.
నాలుగు బిందెలు.
జొన్నపిండి మూడు మానికలు, ఉప్పు, ఎండుకారం,
చింతపండు, అగ్గిపెట్టె.
లెక్క ఒడిసింది.
సారు మంచోడు, చాయ్ గూడ తాపిండు.

ఇంటికొచ్చి చెప్తే అత్త నవ్వింది.
"మూడు దినాలా?"
ఆమె కాలంల ఇంటింటికీ పాతర ఉండె.
మనిషి లోతు, చుట్టూ చొప్ప పేర్చి, మీద బండ మూసి.
తీసేనాడు ముందుగాల తాడు గట్టి దీపం దించేటోళ్ళు.
దీపం ఆరిందా, మనిషి దిగొద్దు.
రెండు పంటలు పోయినా కడుపు నిండేటన్ని జొన్నలు.
నడిగడ్డ మాది,
రెండు నదుల నడుమ దూపకు చచ్చే జాగ.
కరువుకు దాచుడు పుట్టుకతోనే ఎరుక.
నీళ్ళకు భయపడి దాచుడు
మాకెవరు నేర్పిండ్రు?

జములమ్మ రెండో తరగతి ఆ ఏడు.
తుంగభద్ర తలుపు కొట్టి రాలే.
మగ్గం గుంతలకెళ్ళి వచ్చింది.
ఉరుకుందు కాళ్ళు పెట్టే కాడ
ముందు చెమ్మ,
తెల్లారేసరికి పచ్చటి నీళ్ళల్ల
తొక్కుడు చెక్కలు తేలుతున్నయి.
మిద్దె ఎక్కేటప్పుడు ఎవరికి దొరికింది వాళ్ళు:
ఆయన, కోసుకొచ్చిన ముప్పావు చీర,
అత్త, వక్కాకు సంచి,
బిడ్డ, కోడిపెట్ట,
నేను, మెట్లకాడ అడ్డమున్నది గనక,
సగం బిందె మంచినీళ్ళు.

చుట్టూ చూపు ఆనని నీళ్ళు,
నడుమ నేను గిలాసతోని కొలిచి పోసుడు.
రెండోనాడు మిద్దె అంచు పట్టుకొని ఒక మనిషి తేలిండు.
మౌనేశ, రాయచూరు లారీ డ్రైవరు.
ఉల్లిగడ్డల లోడు రోడ్డు మీదనే సగం మునిగిందంట.
గిలాస అందిస్తే
సగమే తాగి అత్త చేతికిచ్చిండు.
పొద్దుగూకే ముందు నడుముకు తాడు కట్టుకొని పోయి
ఒక బస్తా ఈడ్చుకొచ్చిండు.
మూడు పూటలు పచ్చి ఉల్లిగడ్డలే.
బిడ్డ కండ్లల్ల నీళ్ళు,
ఉల్లిగడ్డకో, ఆకలికో, ఎవరం అడగలే.
పెట్ట మాత్రం ఆ గలాటల గూడ ఒక గుడ్డు పెట్టింది.

నీళ్ళు తీసినంక,
ఊర్ల మిగిలిన ఒక్క పాతరల జొన్నలు మొలిచి, మురిగి,
నెల దినాలు వాడకట్టంతా సారా బట్టీ వాసన.
అత్త ఆ దిక్కు పోలే.

అందుకే సారు మాట సగం విన్న.
పిండి కాదు, జొన్నలే పెట్టిన.
పిండి నెలకే చేదెక్కుతది, గింజకు ఓపిక ఎక్కువ.
గింజ ఉంటే ఇసుర్రాయి కావాలె.
ఇసుర్రాయి, పెంక, రెండు కట్టెల మోపులు
మిద్దె మీదికి ఎక్కిచ్చిన.
ఇద్దరు మోసిండ్రు, పది మంది నవ్విండ్రు.
నవ్వనీ.
అమాస అమాసకు బిందెలు కుమ్మరిచ్చి మళ్ళ నింపుత,
పాతనీళ్ళు చిక్కుడు పాదుకు.

కాగితమే ఇంకా ఇయ్యలే.
నాలుగు అని రాస్తే, మౌనేశ?
ఐదు అని రాస్తే,
ఈసారి అంచు పట్టుకునేది ఒక్క చెయ్యే అని
నాకెవరు చెప్పిండ్రు?
రాసుడు, ఉమ్మితోని చెరుపుడు,
ఆ జాగల కాగితం చినిగి
అవతల గోడ కనబడ్తున్నది.

ఐదో బిందె కొన్న. ప్లాస్టిక్‌ది, నీలం రంగు.

నిన్న రాత్రి వాన పడ్డది.
ఇసుర్రాయి గుంతల గిద్దెడు నీళ్ళు నిలిచినయి.
పొద్దుగాల పిచ్చుక ఒకటి వచ్చి
తాగి, తల దులుపుకొని, పోయింది.
దాన్ని నేను లెక్కల రాయలే.